లెక్కల కేంద్రమా? ఇంటి ట్యూషనా?

(సంఘ వార్షిక సమావేశంలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. విద్య గొప్పతనం గురించి చెబితే అందరం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళతాం. రేపు పొద్దున పిల్లవాడి లెక్కల పుస్తకం మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది. అందుచేత ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని మాట్లాడదామనుకుంటున్నాం. జూన్‌లో బడులు తెరిచింది మొదలు మా వంటి ఉపాధ్యాయుల దగ్గరకు వచ్చే తల్లులూ తండ్రులూ అడిగే ప్రశ్న అది. "మాస్టర్ సాబ్, మావాడు లెక్కల్లో వెనకబడ్డాడు. లెక్కల సెంటర్లో చేర్పించమంటారా, ఇంటికి ట్యూషన్ సారును పెట్టమంటారా?"

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులెవరూ ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ శాసిస్తున్నది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. కాబట్టి ట్యూషన్ పెట్టమన్నా, సెంటర్‌కు పంపమన్నా మాకు దక్కేదేమీ లేదు. మా మాట బేరంలేని మాటగా వినండి.

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. పదో తరగతిలో తక్కిన సబ్జెక్టులన్నీ గట్టెక్కి లెక్కల్లో 35 మార్కులు రాక ఆగిపోయిన పిల్లలు మన వాడల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మగపిల్లవాడైతే మరుసటి వారం ఆటోనగర్ షెడ్డులో చేరతాడు. ఆడపిల్లయితే "ఇక చాల్లే" అని ఇంట్లో కూచోబెడతారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో అన్నిటికంటే పెద్ద వాటా లెక్కలదే. ఐ.టి.ఐ.లో ఫిట్టరుకైనా, ఎలక్ట్రీషియనుకైనా లెక్క రాకపోతే పని నడవదు. షెడ్డు పని తక్కువదని మా భావం కాదు. ఇష్టపడి వెళ్ళడం వేరు, భాగహారం రాక వెళ్ళడం వేరు.

ఇంతకీ ఈ కేంద్రాలు ఏం చేస్తాయో చూద్దాం. ఈ పద్ధతికి పేరు తెచ్చినవారు జపాన్ దేశపు టోరు కుమోన్. ఆయనా మావలెనే లెక్కల మాస్టారు, హైస్కూలులో చెప్పేవారు. 1954లో రెండో తరగతి చదువుతున్న తన కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడని తెలిసి రోజుకు కొన్ని లెక్కల చొప్పున కాగితాల మీద తన చేత్తో రాసి ఇచ్చేవారు. ఆ కాగితాలే తర్వాత కేంద్రాలై దేశదేశాలకు పాకినయ్. అందులోని కీలకం రెండే రెండు మాటలు. పిల్లవాడికి సునాయాసంగా వచ్చే చోట మొదలుపెట్టాలి, ఏ రోజూ మానకూడదు. ఐదో తరగతివాడైనా సరే, కూడికల దగ్గర తడబడుతుంటే కూడికలతోనే మొదలుపెడతారు. ఇందులో మనం నేర్చుకోవలసినది చాలా ఉంది.

అబాకస్ కేంద్రాలది మరొక దారి. జపాన్ పూసల చట్రంలో ఒక్కొక్క కమ్మీకి పైన ఒక పూస, కింద నాలుగు పూసలు. పై పూస విలువ 5, కింది పూస విలువ 1. వేళ్ళతో పూసలు జరిపి జరిపి, కొన్నాళ్ళకు చట్రం లేకుండానే మనసులో జరుపుతూ పిల్లలు గబగబా లెక్క చెబుతారు. చూసేవారికి ముచ్చటగా ఉంటుంది, పిల్లవాడికి ధైర్యమూ వస్తుంది. అయితే పూసలు నేర్పేది వేగం. మూడోవంతు పెద్దదా నాలుగోవంతు పెద్దదా అన్నది పూసలు చెప్పవు. "ఈ లెక్కలో కూడాలా, తీసివేయాలా?" అన్నదీ చెప్పవు. పదో తరగతి పేపర్లో పిల్లవాణ్ణి ముంచేది ఆ రెండో ప్రశ్నే గదా!

ఇక ట్యూషన్. దీనిలో రెండు రకాలున్నాయని గుర్తుపెట్టుకోవాలి. ఒక మాస్టారు ఒక్క పిల్లవాడి పక్కన కూచుని చెప్పేది ఒక రకం. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాతికమందిని ఒకే వసారాలో కూచోబెట్టి, బడిలో ఇచ్చిన హోంవర్కు చేయించి పంపేది మరొక రకం. పేరు ట్యూషనే గాని రెండోది బడికి నకలు. బడిలో అర్థంకానిది అక్కడా అర్థం కాదు.

మొదటి రకానికి బలముంది. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రకటించిన వ్యాసం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కొక్కరినే కూచోబెట్టి, నేర్చుకున్నది పరీక్షించి, తప్పు దిద్ది, ఆ తర్వాతే ముందుకు తీసుకుపోతే సామాన్య విద్యార్థి కూడా మామూలు తరగతిలోని నూటికి 98 మందిని మించిపోయాడని ఆయన రాశారు. తర్వాతివారి పరిశోధనల్లో అంత పెద్ద ఫలితం కనపడలేదు గాని, పక్కన కూచుని చెబితే మేలు జరుగుతుందన్నది మాత్రం నిలిచింది. ఎందుకంటే పక్కన కూచున్నవాడికి జవాబు ఒక్కటే కాదు, తప్పు పుట్టిన చోటు కూడా కనపడుతుంది. కానీ దీనికీ ఒక జబ్బుంది. మాస్టారే లెక్క చేసేసి, పిల్లవాడు కాపీ రాసుకుంటే నోటుపుస్తకం నిండుతుంది, తల ఖాళీగానే ఉంటుంది. సారు రాని రోజున వాడు పెన్సిలు కూడా పట్టుకోడు.

ట్యూషన్ అన్నది ఇవాళ పట్నం వ్యవహారమే కాదు. దేశంలోని పల్లెల్లో 1 నుంచి 8వ తరగతి వరకు చదివే పిల్లల్లో డబ్బిచ్చి ట్యూషన్‌కు పోయేవారు 2018లో నూటికి 26.4 మంది ఉండగా 2022లో 30.5 మంది అయ్యారని 'అసర్' నివేదిక లెక్కగట్టింది. అదే నివేదికలో, ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవారు 2018లో నూటికి 27.9 మంది ఉంటే 2022లో 25.6 మంది. నడుమ కరోనా కాలం వచ్చి బడులు మూతబడ్డాయి, నిజమే. అయినా డబ్బు ఖర్చు కావడమూ చదువు రావడమూ ఒకటి కాదని ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. కేంద్రమా, ట్యూషనా అని అడిగేముందు "నా బిడ్డ ఎక్కడ ఆగాడు?" అని అడగాలి. జ్వరమో కాదో చూడకుండా మందుల షాపుకు పోయి "ఏ మాత్ర మంచిది?" అంటే షాపువాడు తన దగ్గర ఉన్నదే ఇస్తాడు.

ఎక్కడ ఆగాడో తెలుసుకోవడానికి మీరు లెక్కల్లో పండితులు కానక్కరలేదు. ఆదివారం ఒక అరగంట చాలు. తిట్టకుండా, టీవీ కట్టేసి, ఈ ఐదూ అడగండి.

ఒకటి: 402 లోంచి 178 తీసివేయమనండి. 224 రావాలి. నడుమ ఉన్న సున్న దగ్గర అప్పు తెచ్చుకోవడం వచ్చిందో లేదో తేలిపోతుంది.

రెండు: 306ను 3తో భాగించమనండి. 102 రావాలి. 12 అని రాశాడంటే వాడికి ఎక్కాలు వచ్చు గాని స్థానం విలువ రాలేదన్నమాట.

మూడు: మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా? "నాలుగు పెద్దది గనుక నాలుగోవంతే" అన్నాడంటే భిన్నం గుర్తు నేర్చాడు, అర్థం నేర్వలేదు.

నాలుగు: "పౌనే దో కిలో" అంటే ఎన్ని గ్రాములు? 1750 అని చెప్పాలి.

ఐదు: ఒక చిన్న మాటల లెక్క. "కిలో 40 రూపాయల చొప్పున రెండున్నర కిలోల టమాటాలు కొని 200 ఇస్తే ఎంత తిరిగి వస్తుంది?" జవాబు 100. ఈ లెక్క ఒకసారి తెలుగులో అడగండి, ఒకసారి ఉర్దూలో అడగండి.

జవాబులన్నీ సరిగ్గా వచ్చి, మరీ ఆలస్యంగా వస్తే ఆ బిడ్డకు కావలసింది అలవాటు. అటువంటివాడికి కేంద్రం పనికొస్తుంది. ఇంట్లో రోజూ 20 నిమిషాలు కూచోబెట్టే ఓపిక మీకుంటే అదీ అక్కరలేదు. ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఎన్ని కాగితాలు నింపినా ఆ తప్పు గట్టిపడుతుందే గాని పోదు. వాడి పక్కన ఒకరు కూచోవాలి. అక్కడ ట్యూషన్ మేలు, అదీ ఏళ్ళ తరబడి కాదు, ఆ ముడి విడేదాకా. ఇక ఉర్దూలో అడిగితే చెప్పి, తెలుగులోనో ఇంగ్లీషులోనో అడిగితే బిక్కమొహం వేసేవాడున్నాడు చూడండి, వాడు లెక్కల్లో వెనకబడలేదు, భాషలో ఆగాడు. వాణ్ణి తీసుకుపోయి అబాకస్‌లో చేర్పిస్తే డబ్బు దండగ.

మన పిల్లల్లో ఈ మూడోరకం వారు చాలామంది. కారణం చెబుతాం. "అరవై తొమ్మిది" అనగానే తెలుగు పిల్లవాడికి అరవై వినపడుతుంది, తొమ్మిది వినపడుతుంది. 69 రాస్తాడు. మన ఉర్దూలో అది "ఉన్‌హత్తర్", అంటే డెబ్బైకి ఒకటి తక్కువ. చెవికి డెబ్బై తగిలి 79 రాసే పిల్లలు మాకు ప్రతి ఏడూ కనపడతారు. 59 "ఉన్‌సఠ్", 79 "ఉనాసీ" అని ఒక పద్ధతిలో పోతూ పోతూ, 89కి వచ్చేసరికి "నవాసీ", 99కి "నిన్యానవే" అని దారి మారుతుంది. నూరు దాకా ప్రతి అంకె పేరూ విడిగా కంఠతా పట్టవలసిందే. పైగా వాక్యం కుడి నుంచి ఎడమకు చదివి, అందులోని లెక్క ఎడమ నుంచి కుడికి వేయాలి. ఆరేళ్ళ బిడ్డ ఇంత మోస్తున్నాడని తెలియని మాస్టారు "మందబుద్ధి" అనేస్తాడు. ఆ మాట పడ్డాక బిడ్డ నిజంగానే లెక్కల నుంచి పారిపోతాడు.

"జమా, తఫ్రీక్, జర్బ్, తక్సీమ్" అని బడిలో నేర్చిన బిడ్డకు సెంటర్లో ఇంగ్లీషు పేర్లు, ట్యూషన్లో "కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం". పని ఒకటే, పేర్లు మూడు. తెలుగు లెక్కలో "చొప్పున" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయే పిల్లలున్నారు. "చొప్పున అంటే మన 'ఫీ కిలో' అనే 'ఫీ' నాయనా" అని చెప్పేవారు ఒక్కరుంటే చాలు, లెక్క నిమిషంలో అయిపోతుంది.

అయితే మన భాష ఇచ్చిన బరువే కాదు, ఇచ్చిన ఆస్తి కూడా ఉంది. సవా, డేఢ్, ఢాయీ, పౌనే దో - ఇవన్నీ భిన్నాలు గావా? కాళేశ్వరరావు మార్కెట్‌కు పోయి "సవా కిలో" తెచ్చే పిల్లకు ఒకటింపావు తెలుసు. "డేఢ్ సౌ" అంటే 150, "పౌనే దో సౌ" అంటే 175, "ఢాయీ సౌ" అంటే 250 అని నోటికి చెబుతుంది. అదే పిల్ల ఐదో తరగతిలో 1¼ చూసి భయపడుతుంది. ఆ గుర్తు తన "సవా"యే అని ఎవరూ చెప్పలేదు. ఆటోనగర్లో పానాలు అందించే కుర్రవాణ్ణి చూడండి. మూడు బై ఎనిమిది పట్టలేదంటే ఏడు బై పదహారు ఇస్తాడు, అదీ చాలకపోతే అర అంగుళం తీస్తాడు. భిన్నాలను చిన్నది మొదలు పెద్దది దాకా వరుసగా పేర్చడమంటే అదే. పొలం ఉన్నవారింట్లో దశాంశాలు దస్తావేజులోనే ఉన్నాయి. ఎకరానికి 100 సెంట్లు గనుక రెండెకరాల 35 సెంట్లు అంటే 2.35. మరి ఎకరం 5 సెంట్లు? 1.5 కాదు, 1.05. ఈ తేడా తెలియకపోతే 45 సెంట్ల భూమి తప్పిపోతుందని చెబితే ఏ రైతు బిడ్డా మళ్ళీ సున్న మరచిపోడు!

లెక్క ఎప్పుడూ నేర్చుకునేవాడి భాషలోకి దిగినప్పుడే పాకింది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అరబ్బీలో రాసిన గ్రంథం పేరులోని "అల్‌జబ్ర్" మాటే నేటి ఆల్జీబ్రా. అందులో వారసత్వపు వాటాల లెక్కలకే పెద్ద భాగం కేటాయించారు. జనానికి రోజూ అవసరపడే లెక్క అది గదా. 12వ శతాబ్దంలో దాన్ని లాటిన్‌లోకి మార్చుకున్నాకనే యూరపుకు ఆ విద్య అబ్బింది. మన తెలుగునాట 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. అంతటి పండితులు చేసిన పనిని మనం మన వీధిలోని పిల్లలకు చేసిపెట్టలేమా?

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ముగ్గురు పిల్లలున్న ఆటో డ్రైవరు ముగ్గురికీ ట్యూషన్ పెట్టలేడు. పెడితే కొడుక్కే పెడతాడు, కూతురి వంతు వచ్చేసరికి జేబు ఖాళీ అవుతుంది. కేంద్రానికైతే ఫీజుతోపాటు పుస్తకాలు, కిట్టు, లెవెలు మారినప్పుడల్లా మళ్ళీ ఖర్చు. పల్లెల నుంచి వచ్చేవారికి బస్సు చార్జీ, చీకటిపడ్డాక ఆడపిల్ల ఇంటికి చేరే దిగులు అదనం. ఎక్కడ చేర్పించినా రశీదు అడిగి తీసుకోండి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల గురించి రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 50 మందికి మించిన కోచింగ్ సెంటర్లు 16 ఏళ్ళు నిండని పిల్లలను చేర్చుకోరాదనీ, ఒక్కొక్క విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలనీ, కట్టిన ఫీజుకు కోర్సు నడుమ మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో తిరిగివ్వాలనీ అందులో ఉంది. ఆరో తరగతి నుంచే "ఫౌండేషన్" అని పిలిచే బోర్డులు చూసి తొందరపడకండి.

మరి రెండూ అందని పిల్లల మాటేమిటి? మన సంఘంలో వారే ఎక్కువ. వారికోసమే ఈ సభలో మా విన్నపం.

బరోడా, బొంబాయి మునిసిపల్ బడుల్లో 2000 తర్వాతి సంవత్సరాల్లో 'ప్రథమ్' సంస్థ "బాల్‌సఖి" అనే పథకం నడిపింది. పదో, ఇంటరో చదివిన స్థానిక యువతులకు రెండు వారాల తర్ఫీదు ఇచ్చారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను 15 నుంచి 20 మంది చొప్పున తీసుకుని రోజుకు రెండు గంటలు వారు మొదటి మెట్టు నుంచి చెప్పారు. పిల్లలు బాగుపడ్డారని, ముఖ్యంగా లెక్కల్లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దూఫ్లో, వారి సహచరులు కొలిచి 2007లో ప్రకటించారు. 2019లో నోబెల్ బహుమతి పొందినవారే వారిద్దరూ. ఇందులో ఎ.సి. గది లేదు, కంప్యూటరు లేదు. పెద్ద డిగ్రీలు కూడా లేవు. బిడ్డ ఉన్న మెట్టు దగ్గరకు దిగి, బిడ్డ మాట్లాడే భాషలో చెప్పడమే ఉంది.

అంటే కేంద్రంలోని క్రమమూ, ట్యూషన్‌లోని పలకరింపూ రెండూ ఒక్క చోట దొరుకుతాయన్నమాట. మన సంఘం హాలు సాయంత్రాలు తాళం వేసి ఉంటుంది. మన ఇళ్ళల్లో ఇంటర్ చదివి, డిగ్రీ చదివి కూచున్న అమ్మాయిలున్నారు. ఉర్దూ ఇంట్లో మాట్లాడతారు, తెలుగు వీధిలో మాట్లాడతారు, ఇంగ్లీషు కాలేజీలో చదివారు. ఆ మూడు పేర్లూ తెలిసిన మాస్టారు ఏ సెంటర్లోనూ దొరకడు! వారికి గౌరవప్రదమైన భత్యం ఇచ్చి అసర్ నుంచి మగ్రిబ్ లోపు గంటంపావు - అదే, సవా గంట - వారానికి ఐదు రోజులు తరగతి పెడదాం. చీకటిపడక ముందే ఆడపిల్లలు ఇళ్ళకు చేరతారు. ఇందాక చెప్పిన ఐదు ప్రశ్నలు అడిగి, తరగతిని బట్టి కాక ఆగిన మెట్టును బట్టి పిల్లలను కూచోబెడదాం. ఏడో తరగతివాడు నాలుగో తరగతివాడి పక్కన కూచోవలసి వస్తే సిగ్గుపడతాడు, నిజమే. వాడికి చిన్నవాడి ఎక్కాలు అప్పచెప్పించుకునే పని ఇస్తే సిగ్గు పోతుంది, ఎక్కాలూ వస్తాయి. మూడు నెలలకొకసారి అవే ప్రశ్నలు అంకెలు మార్చి అడిగి, ఎవరు ఎన్ని మెట్లు ఎక్కారో తల్లిదండ్రుల ముందు చదువుదాం.

ఇప్పటిదాకా సంఘం ఏటా పది పన్నెండుమంది పిల్లలకు తలా కొంత ట్యూషన్ సాయమని పంచుతున్నది. మంచి పనే. ఆ సొమ్మునే ఒకచోట చేర్చి ఇద్దరు అమ్మాయిలకు భత్యంగా ఇస్తే 30, 40 మంది పిల్లలు కూచుంటారు. పెద్దలు ఆలోచించాలి.

తల్లులకు ఒక్క మాట. "నాకు చదువు రాదు, నేనేం చెబుతాను?" అనకండి. రొట్టెను నాలుగు ముక్కలు చేసి "ఇది పావ్, ఇవి మూడు కలిస్తే పౌన్" అని చూపించడానికి డిగ్రీ అక్కరలేదు. బిర్యానీకి కిలో బియ్యానికి ఎంత మాంసమో, నలభైమందికి ఎన్ని కిలోలో మీకు కాగితం లేకుండా తెలుసు. ఆ లెక్క పిల్లల ముందు పైకి వేయండి. తండ్రులకు కూడా ఒక్క మాట. మార్కుల కాగితం చూసి చెయ్యి ఎత్తకండి. ఏ లెక్క తప్పయిందో, అది ఎందుకు తప్పయిందో అడిగి కూచోండి. కొడుక్కు కొన్న పలకే కూతురికీ కొనండి.

కేంద్రమైనా, ట్యూషనైనా, మన హాలులోని తరగతైనా, నెల తిరిగేసరికి ఒక్కటే చూడండి. బిడ్డ తనంతట తాను ఒక లెక్క వేసి, ఎందుకు అలా వేశాడో మీకు మీ భాషలో చెప్పగలుగుతున్నాడా? చెప్పగలిగితే మీ డబ్బు సార్థకం. చెప్పలేకపోతే బోర్డు ఎంత పెద్దదైనా అక్కడి నుంచి తీసేయండి.

 ఈ సమావేశం ముగిసేలోగా సాయంత్రం తరగతికి పేర్లిచ్చే అమ్మాయిలు కార్యదర్శిగారిని కలుసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.